గాలికి ఎదురుగా పన్నెండు రోజులు

మా బావి మూసేసిన ఏడాది చలికాలంలో నేను సైకిల్ మీద ఉత్తరానికి బయలుదేరాను. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. అంతకుముందు సైకిల్ మీద గోదావరి వంతెన దాటింది కూడా లేదు.

గోదావరిఖనిలో గనిని బావి అంటాం. పంతొమ్మిదేళ్లు నేను బావిలో పంపులు చూసుకున్నాను. భూమి లోపల నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని తోడి పైకి పంపకపోతే బొగ్గు తీసే చోటికి దారే ఉండదు. పంపులన్నీ ఒక్క దగ్గర ఉండవు కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి నడవాలి. కప్పు ఎత్తుగా ఉన్న చోట నిటారుగా, తక్కువగా ఉన్న చోట నడుం వంచి, టోపీకి తగిలించిన దీపం వెలుగులో, షిఫ్టుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు నడిచేవాణ్ణి. ఎక్కడ నీళ్లు మోకాలిదాకా వస్తాయో, ఏ మలుపులో గాలి వెచ్చగా తగులుతుందో నా కాళ్లకు తెలుసు.

లోపల ఇంక తీయదగిన బొగ్గు లేదని బావి మూశారు. చివరి వారాల్లో పంపులు విప్పి పైకి చేర్చే పని మాకే పడింది. అడుగున ఉన్న పంపు మొదట ఆపాం. మర్నాడు వెళ్లేసరికి ఆ దారి నీళ్లలో ఉంది. ఆ మర్నాడు దాని పై దారి. నేను రోజూ నడిచిన దారులు ఒక్కొక్కటే నా కళ్లముందే మునిగిపోయాయి. ఆఖరికి బావి మూతికి గోడ కట్టారు.

నన్ను పైనుంచి గుంత తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టుకు మార్చారు. అక్కడ గుంత అంచున ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పంపు, ఒక స్విచ్చు, ఒక కుర్చీ. షిఫ్టు మొదట్లో స్విచ్చు వేయాలి, చివర్లో తీయాలి. మధ్యలో కూర్చోవాలి. మా వాళ్లంతా నన్ను చూసి కుళ్లుకున్నారు. ఎండ తగలదు, దుమ్ము తగలదు, పైన కప్పు కూలుతుందన్న భయం లేదు.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది నా భార్య. ఆమె అన్న, అంటే మా బావ, నాకు ఉద్యోగం రాకముందే లోపల కప్పు కూలి చనిపోయాడు. పంతొమ్మిదేళ్లు ఆమె నా షిఫ్టు దిగే వేళకు మిషను మీద కుట్టడం ఆపి, నా బండి చప్పుడు వినబడ్డాకే మళ్లీ మొదలుపెట్టేది. ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు, పక్క క్వార్టరులో ఉండే అక్క చెప్పింది. నేను షెడ్డులో చేరిన రోజు ఆమె వాడకట్టు అంతటికీ పరమాన్నం పంచింది.

నాకు మాత్రం కాళ్లు నిలవలేదు. షెడ్డులో పది నిమిషాలు కూర్చుంటే పిక్కల్లో చీమలు పాకినట్టుండేది. లేచి గుంత అంచున తిరిగితే భద్రత చూసే ఆయన కేకలేసేవాడు. ఇంటికొచ్చినా అంతే. రెండు గదుల క్వార్టరులో ముందు తలుపు నుంచి వెనక తలుపుకు, వెనక నుంచి ముందుకు తిరిగేవాణ్ణి. తినడానికి కూర్చుంటే సగంలో లేచేవాణ్ణి. మాట్లాడేవాళ్ల మాట పూర్తికాకముందే ఊఁ అనేసి పక్కకు చూసేవాణ్ణి. దవాఖానలో చూపిస్తే రక్తం తక్కువుందని గోళీలు రాశారు. రక్తం పెరిగింది, తిరుగుడు తగ్గలేదు.

షెడ్డులో ఫోను తీసి మ్యాపు చూడటం అలవాటైంది. మా ఊరి మీద బొటనవేలు పెట్టి కిందికి లాగితే మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్, నాగ్‌పూర్ వచ్చేవి. అక్కడక్కడా ఆకుపచ్చ మచ్చలు తప్ప అంతా చదునే. నాగ్‌పూర్ దాటాక మ్యాపు ముడతలు పడేది. అవి సాత్పుడా కొండలని తెలుసుకున్నాను. ఆ ముడతల అంచున తామియా అనే చిన్న ఊరు కనిపించింది. అక్కడికి వెళ్లాలనిపించింది.

ఎన్టీపీసీ కాలనీ వైపు ఉండే ఒక ఇంజనీరు గేర్ల సైకిల్ అమ్ముతున్నాడని తెలిసి వెళ్లి కొన్నాను. కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. చైను వేయడం, ట్యూబు మార్చడం ఓపిగ్గా నేర్పాడు. సీటు నాకు బాగా కిందికి ఉందనీ, అలాగే తొక్కితే మోకాళ్లు పోతాయనీ చెప్పాడు. నేను ఊఁ అన్నాను. బయలుదేరాలన్న తొందరలో ఆ మాట చెవికెక్కలేదు.

భార్యకు చెప్పిన రోజు ఆమె జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"ఎందుకు పోతున్నవ్?" అంది.

"ఏమో. పోవాలనిపిస్తుంది."

"ఒక్కనివే?"

"ఒక్కన్నే."

దారం కొరికి ఇంకో హుక్కు కుట్టింది. తర్వాత ఒక్కటే షరతు పెట్టింది. రోజూ పొద్దుగూకే వేళకు ఎక్కడున్నా కంచంలో ఏముందో ఫొటో తీసి పంపాలి. నేను తింటున్నానా లేదా అన్నది తప్ప ఇంకేమీ అడగనంది. పదిహేను రోజులు సెలవు పెట్టాను.

మొదటి రోజు ఆసిఫాబాద్, రెండో రోజు చంద్రాపూర్. ఆ రెండు రోజులూ నేను ఎక్కడా సరిగ్గా ఆగలేదు. చాయ హోటల్ కనిపిస్తే ఇంకో ఐదు కిలోమీటర్లు పోయాక ఆగుదాం అనుకునేవాణ్ణి, అక్కడికి చేరాక ఇంకో ఐదు. వార్ధా నది దాటుతున్నప్పుడు వంతెన మీద జనం బండ్లు ఆపి నీళ్లు చూస్తున్నారు. నేను తల తిప్పలేదు. చంద్రాపూర్ చుట్టూ మళ్లీ బొగ్గు లారీలు, మళ్లీ మా ఊరి దుమ్మే. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంకా గట్టిగా తొక్కాను.

మూడో రోజు వరోరా దాటాక గాలి మొదలైంది. ఉత్తరం నుంచి నేరుగా నా ఎదకు తగిలే చలిగాలి. రెండు పక్కలా కంటికి ఆనినంత మేర పత్తి చేలు, మధ్యలో తిన్నటి రోడ్డు. ఎంత తొక్కినా అదే చేను, అదే కరెంటు స్తంభం అనిపించేది. ఇంట్లో తిరిగినప్పుడు కనీసం గోడలు ఎదురయ్యేవి. ఇక్కడ ఆపే గోడ కూడా లేదు. పట్టుదలతో పెద్ద గేరు వేసి తొక్కాను. పొద్దున తిన్న అటుకులు తప్ప కడుపులో ఏమీ లేదు. మధ్యాహ్నానికి కుడి మోకాలిలో ఏదో కలుక్కుమంది. అయినా ఆగలేదు. ఇంకో గంటకు మోకాలు వంగడం మానేసింది. సైకిల్ ఆపి కాలు కింద పెట్టబోయి, దాంతో పాటే రోడ్డు పక్కన పడ్డాను.

పడిన చోటికి కొంచెం అవతల ఒక చాయ గుడిసె ఉంది. అక్కడి నుంచి ఒక ముసలావిడ, ఆమె కూతురు వచ్చి లేపారు. కూతురు మరాఠీలో ఏదో అడిగింది. నొప్పికి నా నోటి నుంచి తెలుగే వచ్చింది.

"మోకాలు వంగుతలేదు," అన్నాను.

ముసలావిడ నా చెయ్యి వదల్లేదు. కాసేపు నా మొహంలోకి చూసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?" అంది.

"గోదావరిఖని, అవ్వా."

"బాయి పనా?"

అవునన్నాను. ఆమె పుట్టిన ఊరు మంథని దగ్గర. పెళ్లయిన కొత్తలో భర్త బొగ్గు పనికి చంద్రాపూర్ వైపు వస్తే ఆయన వెంట వచ్చింది. ఆయన పోయాక కూతురి దగ్గరికి చేరింది. అల్లుడిది ఇక్కడే నాలుగెకరాల పత్తి. ఇంట్లో అందరూ మరాఠీయే మాట్లాడతారు. తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. మధ్యమధ్య మాట దొరక్క మరాఠీ మాట వేసి, మళ్లీ తనే వెతుక్కుని తెలుగు మాట చెప్పేది.

ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి మోకాలికి కాపడం పెట్టింది. ఆ సాయంత్రం నేను పంపిన ఫొటోలో జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చి ఉల్లిగడ్డ ఉన్నాయి. పడిపోయిన సంగతి నా భార్యకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున అందరూ చేనుకు పోయాక నేను మెల్లగా లేచి సైకిల్ తీశాను. ఒక రోజు పోయిందన్న బెంగ నన్ను పడుకోనివ్వలేదు. రెండు కిలోమీటర్లు కూడా పోలేకపోయాను. సైకిల్ మీద బరువు వేసి కుంటుకుంటూ వెనక్కి నడిచి వచ్చాను. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. రొట్టె తీసి నా ముందు పెట్టింది.

నేను తినకుండా కూర్చుంటే కాసేపటికి ఆమే మొదలుపెట్టింది.

"మా ఆయన గూడ గిట్లనే. నౌకరి దిగినంక ఇంట్ల నిలవకపోయేటోడు. సైరన్ ఇనవడితే సాలు, చెప్పులేసుకునేటోడు."

"నువ్వేం చేసేదానివి అవ్వా?"

"ఏం జేస్త? నేను గూడ చెప్పులేసుకునేదాన్ని. ఇద్దరం గేటుదాక నడిచేటోళ్లం. లోపలికి పోయేటోళ్లను గింతసేపు చూసి, గాడనే చాయ తాగి మల్లొచ్చేటోళ్లం. ఆయన పొయ్యేదాక గట్లనే."

ఆమె ఆ మాటలు చెప్పిన తీరులో బాధ లేదు. రోజూ సంతకు పోయి వచ్చినట్టు చెప్పింది. నేను తుంచిన రొట్టె కంచంలోనే పెట్టేశాను. మంచినీళ్లు తాగడానికని లేచి బయటికి వెళ్లిపోయాను. పడిన రోజు నొప్పికి కూడా రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. ఆ ముసలాయనకు గేటు ఉంది. మా బావికి గోడ కట్టేశారు.

ఇంకో రెండు రోజులు అక్కడే ఉన్నాను. చివరి రోజు వాళ్లతో పాటు చేనులోకి వెళ్లి పత్తి ఏరాను. ఒక్కో చెట్టు దగ్గర నిలబడాలి, విచ్చిన కాయలు చూసుకుని తీయాలి, ఆకు ముక్కలు అంటకుండా ఒళ్లో వేసుకోవాలి. తొందరపడితే కాయ మొన గీరుకుంటుంది. అవ్వ కూతురు నా ఒడిలోని పత్తి చూసి నవ్వింది. ఆమె అందులో నాలుగో వంతు సమయంలో అంతకు రెట్టింపు తీసింది. సాయంత్రానికి చేతులు గీరుకుపోయాయి, మోకాలి వాపు మాత్రం తీసింది. అల్లుడు నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టి, ఒక్కసారి చూసి, పాన తెచ్చి సీటు నాలుగు వేళ్లు పైకి లేపాడు.

ఏడో రోజు పొద్దున బయలుదేరాను. అవ్వ నా తల మీద చెయ్యి పెట్టింది. "ఆగుకుంట పో," అంది. అంతే.

ఆగుతూనే పోయాను. మోకాలు వేరే దారి ఇవ్వలేదు. గంటకోసారి దిగి కాలు చాపుకునేవాణ్ణి. ఎనిమిదో రోజు నాగ్‌పూర్ దాటడానికి పూట పట్టింది. తొమ్మిదో రోజు సౌసర్ చేరే ముందు దూరంగా నీలంగా ఒక గీత కనిపించింది. మబ్బు అనుకున్నాను. గంటసేపు తొక్కాక కూడా అది కదలకుండా అక్కడే ఉంటే అవి కొండలని అప్పుడు అర్థమైంది. సైకిల్ దిగి నిలబడ్డాను. సంతోషంకన్నా తొందరే ఎక్కువ కలిగింది. మళ్లీ పిక్కల్లో చీమలు పాకడం మొదలైంది.

పదో రోజు ఘాట్ ఎక్కాను. సగం తొక్కాను, సగం నెట్టాను. టేకు చెట్లు, మలుపులు, ఒక మలుపు తర్వాత అంతకన్నా నిటారైన మలుపు. లారీలు నాకన్నా కొంచెమే వేగంగా మూలుగుతూ పోయాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి జామపండు ఇచ్చాడు. చెమటతో చొక్కా పిండేలా తడిసి పైకి చేరేసరికి నా ఎదురుగా ఉన్నది మళ్లీ మైదానం. గోధుమ చేలు, తిన్నటి రోడ్డు, కరెంటు స్తంభాలు. కొండ ఎక్కితే కొండ మీద కూడా చదునే ఉంటుందని మ్యాపు చూసినప్పుడు నాకు తట్టలేదు. ఒక రాయి మీద కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంత దూరం ఎందుకు వచ్చానని మొదటిసారి నన్ను నేను గట్టిగా అడిగింది అక్కడే. ఆ రాత్రి ఛింద్వాడాలో ఒక సత్రంలో పడుకున్నాను.

పదకొండో రోజు తామియా దారిలో పరాసియా అనే ఊరు వచ్చింది. ఊరు ఇంకా దూరం ఉండగానే నాకు వాసన తెలిసింది. ఇళ్లలో బొగ్గు కుంపట్లు రాజేసినప్పుడు వచ్చే పొగ. అక్కడ బొగ్గు ఉంటుందని నాకు తెలియదు. రోడ్డు పక్కనే ఒక అండర్‌గ్రౌండ్ బావి, గేటు, ఎత్తుగా మనుషుల్ని లోపలికి దింపే ఇనుప చక్రం. షిఫ్టు దిగే వేళ. మొహాలు నల్లగా, టోపీకి దీపాలతో మనుషులు బయటికి వస్తున్నారు. పైకొచ్చిన మనిషి వెలుతురుకు కళ్లు చిట్లించి మొదట ఆకాశం వైపు చూస్తాడు. అక్కడ కూడా అలాగే చూస్తున్నారు.

నేను సైకిల్ పట్టుకుని గేటు ఎదురుగా నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా వయసే ఉన్న ఒకాయన వచ్చి ఎవరి కోసం చూస్తున్నానని హిందీలో అడిగాడు. ఎవరి కోసమూ కాదన్నాను. నేనూ బావిలో పంపులు చూసేవాణ్ణని నా వంకర హిందీలో చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లాడు.

ఆయన లోపల కప్పుకు ఆసరా దుంగలు నిలబెట్టే పని చేస్తాడు. ఆ సాయంత్రం మేమిద్దరం మాట్లాడుకున్నదంతా బావి గురించే. మా దగ్గర కప్పు ఎలా చప్పుడు చేస్తుంది, వాళ్ల దగ్గర ఎలా చేస్తుంది. మా నీళ్లు వెచ్చన, వాళ్ల నీళ్లు చల్లన. హిందీ మాట దొరకని చోట నేల మీద బొగ్గు ముక్కతో గీసి చూపించుకున్నాం. వాళ్ల ఊరి చుట్టుపక్కల కూడా చాలా బావులు మూతపడ్డాయని, ఆ పనివాళ్లు కూడా నాలాగే రోడ్ల మీద తిరుగుతుంటారని చెప్పాడు. ఆయన భార్య రెండుసార్లు పప్పు వేడిచేసి తెచ్చింది. మూడు గంటలు కదలకుండా కూర్చున్నానని లేచాక గానీ నాకు తెలియలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నానికి తామియా చేరాను. ఊరి చివర నేల ఒక్కసారిగా తెగిపోతుంది. కింద అంతా లోయ. మడత మీద మడతగా అడవి, లోలోపలికి పోయిన కొద్దీ నల్లబడుతూ ఉంది. దూరాన కొండలు వరసలుగా ఉన్నాయి. నాలాగే చూడటానికి వచ్చిన వాళ్లంతా ఆ కొండలకు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. నా చూపు మాత్రం కిందికే పోయింది. ఆ చీకటి పడిన చోట్లలోకి దారి ఎక్కడుందా అని వెతికాను. కొండలు చూడాలని వచ్చిన నాకు దిగాలనిపించింది. దిగి, లోపల నడవాలనిపించింది. అప్పుడు నాకు కావలసింది ఏమిటో తెలిసింది. తెలిశాక భయమేసింది, ఎందుకంటే అది నా భార్యకు చెప్పాలి.

ఫొటో పంపే వేళ కాకముందే ఫోను చేశాను. తామియా వచ్చానని చెప్పాను. మోకాలి సంగతి, అవ్వ సంగతి, పరాసియా సంగతి అన్నీ చెప్పాను. ఆమె వింటూ ఉంది.

"నాకు లోపలి పనే గావాలె," అన్నాను. "షెడ్డుల కూసుంటె నేను బతకలేను."

అవతల మిషను చప్పుడు ఆగింది.

"గీ ముచ్చట చెప్పనీకి గంత దూరం పోవాల్నా?" అంది.

"ఈడికొచ్చినంకనే తెలిసింది."

"నాకు ఎప్పుడో తెలుసు. నువ్వు అడగకుంట ఉంటవేమోనని చూసిన," అని ఫోను పెట్టేసింది.

బస్సు మీద సైకిల్ కట్టించుకుని నాగ్‌పూర్‌కు, అక్కడి నుంచి రైలులో రామగుండానికి వచ్చాను. ఇంట్లో ఆమె నాతో వారం రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. ఎనిమిదో రోజు ఆమె పెట్టె అడుగు నుంచి మా బావ ఫొటో తీసి తుడిచి గోడకు తగిలించింది. అన్నాళ్లూ ఆ ఫొటో మా గోడ మీద ఉండేది కాదు. అది తగిలించాక నా వైపు తిరిగి, దరఖాస్తు రాసుకొమ్మంది. రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసింది.

అందరూ లోపలి నుంచి పైకి రావడానికి తిరుగుతుంటే నేను పై నుంచి లోపలికి పోవడానికి అడుగుతున్నానని ఆఫీసులో నవ్వారు. ఒక ఆఫీసరు నాకు మతి సరిగ్గా ఉందా అని అడిగాడు. నాలుగు నెలలకు కాసిపేట వైపు ఒక అండర్‌గ్రౌండ్ బావికి మార్చారు. పంపుల పనే. ఇంటి నుంచి దూరం. పోనూ రానూ మూడు గంటల దాకా పడుతుంది. క్వార్టరు మార్చుకుందామంటే నా భార్య ఒప్పుకోలేదు. ఆమె దగ్గర కుట్టించుకునే వాళ్లంతా ఇక్కడే ఉన్నారు.

అక్కడ లోపల నడిచే దారులు నేర్చుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు అన్నం సగంలో లేవను. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వింటాను. కాళ్లు పూర్తిగా నిలిచాయని మాత్రం చెప్పలేను. ఈ బావికి కూడా ఎన్నో ఏళ్లు లేవని లోపల అనుకుంటుంటారు. ఆ మాట విన్న రోజు పంపుకు పంపుకు మధ్య మామూలుకన్నా జల్దీగా నడుస్తాను.

నా భార్యకు భయం తగ్గలేదు. మొదటి షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి ఐదు దాటుతుంది. ఆమె మిషను ముందు కూర్చుని ఉంటుంది. తల ఎత్తదు.

"ఎంత దూరం నడిచినవ్?" అంటుంది.

ఏడో ఎనిమిదో, ఎంతయితే అంత చెప్తాను. ఆమె విని సూదిలోకి దారం ఎక్కిస్తుంది.